వేసే ముందే తీసే మాట ఇవ్వండి

ప్రశ్న: మేడమ్, మాది కదిరి. ఎంబీబీఎస్ తర్వాత గైనిక్‌లో డిప్లొమా చేసి, ఏడాదిగా బెంగళూరు మారతహళ్ళి దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో పనిచేస్తున్నాను. తెలుగు మాట్లాడతానని మనవాళ్ళు వెతుక్కుని వస్తారు. ఈమధ్య వచ్చిన ఇద్దరు అమ్మాయిల విషయంలో ఏం చేయాలో తోచడం లేదు. ఒకమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతూ పీజీ హాస్టల్లో ఉంటోంది, పెళ్ళి కాలేదు. రెండు నెలల్లో మూడుసార్లు ఎమర్జెన్సీ గర్భనిరోధక మాత్ర వేసుకుందట. "రోజూ గుర్తుపెట్టుకునే పని లేకుండా, ఎవరికీ కనబడకుండా ఏదైనా ఇవ్వండి" అంది. లేచి వెళ్తూ ఫిట్స్‌కి మందులు వాడుతున్నానని చెప్పింది. ఇంకో అమ్మాయికి 17. మదనపల్లె వైపు కుటుంబం, భర్త మేస్త్రీ పని చేస్తాడు, నాలుగు నెలల పాప ఉంది. "మూడేళ్ళదాకా ఇంకో కాన్పు వద్దు, ఏదో ఒకటి వేసి పంపండి" అని అత్తగారు అడిగారు. అమ్మాయి నోరు విప్పలేదు. ఇద్దరినీ వచ్చే వారం రమ్మన్నాను. ఈ వయసువాళ్ళకి లూప్, ఇంప్లాంట్, సూది ఇవ్వొచ్చా? రేపు పిల్లలు పుట్టకపోతే నా మీదకి వస్తుందా? చట్టం ఏమంటుంది?
ఒక డాక్టర్, బెంగళూరు

సమాధానం:

ఇవ్వొచ్చమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. ఏ గర్భనిరోధకం ఎవరికి తగునో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో, చేతిలో పెట్టే ఇంప్లాంట్‌కి చిన్న వయసు ఏ రకంగానూ అడ్డు కాదు, మొదటి వర్గంలోనే ఉంది. 20 ఏళ్ళు నిండనివాళ్ళకి గర్భసంచిలో పెట్టే రెండు రకాల లూప్‌లు (కాపర్-టీ, హార్మోన్ లూప్), 18 నిండనివాళ్ళకి మూడు నెలల సూది రెండో వర్గంలో ఉన్నాయి. అంటే కాస్త చూసుకుని ఇవ్వమని, మానేయమని కాదు. ఒక్క కాన్పయినా కానిదే లూప్ వేయకూడదని మన సీనియర్లు కొందరు ఇప్పటికీ అంటారు. అది పాత మాట.

ఆ మాట వెనక ఉన్న కథ తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది. 1970ల మొదట్లో అమెరికాలో డాల్కన్ షీల్డ్ అనే లూప్ అమ్మారు. దాని దారం సన్నటి పోగులు ఎన్నో కలిపి, పైన తొడుగు వేసి చేసింది. ఆ పోగుల సందుల్లోంచి క్రిములు గర్భసంచిదాకా పాకాయి. ఎంతోమందికి ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి, పిల్లలు కలగకుండా పోయినవాళ్ళు ఉన్నారు, ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. 1974లో అక్కడ అమ్మకం ఆపేశారు. ఇప్పటి లూప్‌లకి ఒంటిపోగు దారం. ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం వేసిన మొదటి మూడు వారాల్లో కొద్దిగా ఎక్కువ, అదీ ముఖ్యంగా అప్పటికే లోపల ఏదో ఉన్నవాళ్ళకి. కాబట్టి స్పెక్యులమ్ పెట్టి గర్భసంచి మూతి చూడండి. చీము కనిపిస్తే ముందు దానికి వైద్యం. బాగుంటే పరీక్షకి శాంపిల్ తీసి అదే రోజు వేసేయొచ్చు, రిపోర్టు కోసం ఆగక్కర్లేదు. మన దేశంలో టీబీ గురించి కూడా తప్పకుండా అడగాలి. గర్భసంచికో ట్యూబులకో టీబీ ఉంటే లూప్ జోలికే వెళ్ళొద్దు. ఒంట్లో ఇంకెక్కడైనా టీబీ ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే ఇంప్లాంట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఆ మందు ఇంప్లాంట్ బలాన్ని తగ్గించేస్తుంది.

రేపు పిల్లలు పుట్టకపోతే అన్నారు. లూప్ గానీ ఇంప్లాంట్ గానీ తీసేస్తే గర్భం దాల్చే శక్తి వెంటనే తిరిగి వస్తుంది. ఆ నెలలోనే నెల తప్పినా ఆశ్చర్యం లేదు. సూది సంగతి వేరు. చివరి సూది తర్వాత గర్భం నిలవడానికి సగటున 9, 10 నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఇది ముందే చెప్పండి, చెప్పానని కేసు షీటులో రాయండి. చెప్పకుండా ఇచ్చిన సూదే రేపు గొడవై కూర్చుంటుంది.

మాత్రలు ఇస్తే పోదా అనుకోవచ్చు. ఈ వయసులో మాత్ర మర్చిపోవడం అతి మామూలు. హాస్టల్లో, పీజీలో ఆ షీటు ఎక్కడ దాచాలన్నదే పెద్ద టెన్షన్. మామూలుగా జనం వాడే తీరులో చూస్తే ఏడాదిలో 100 మందికి మాత్రలతో 7 మందికి, కండోమ్‌తో 13 మందికి గర్భం వస్తుంది. సూదితో 4. కాపర్-టీ, హార్మోన్ లూప్‌లతో ఒక్కరు కూడా ఉండరు. ఇంప్లాంట్‌తో 1000 మందిలో ఒకరికి వస్తే గొప్ప. అయితే కండోమ్ తప్ప వీటిలో ఏదీ లైంగిక వ్యాధుల్ని ఆపదు, కండోమ్ ఎటూ ఉండాల్సిందే. ఆ మాట ఇద్దరికీ చెప్పి పంపండి.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. లూప్, ఇంప్లాంట్‌ల బలం ఏమిటంటే వాడేవాళ్ళు ఏమీ చేయనక్కర్లేదు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మాత్ర వద్దనుకుంటే అమ్మాయి తనే మానేస్తుంది. లూప్ వద్దనుకుంటే డాక్టరు తీస్తే తప్ప పోదు. అంటే తన ఒంటి మీద అదుపు కొంత మన చేతిలో పెడుతోంది. గ్రీన్‌లాండ్‌లో జరిగింది మీరు వినే ఉంటారు. 1960ల చివర, 70లలో డెన్మార్క్ డాక్టర్లు అక్కడి ఇన్యూట్ తెగ ఆడవాళ్ళకి వేలల్లో లూప్‌లు వేశారు. పన్నెండు, పదమూడేళ్ళ స్కూలు పిల్లలకి కూడా వేశారు. చాలామందిని అడగలేదు, కొందరికి చెప్పనైనా లేదు. 2025లో డెన్మార్క్ ప్రధాని మెటె ఫ్రెడరిక్సన్ వాళ్ళకి క్షమాపణ చెప్పారు. వైద్యపరంగా ఆ లూప్‌లు తమ పని తాము చేశాయి. పాపం ఆ పిల్లలకి జరిగింది మాత్రం దౌర్జన్యమే.

అందుకే పరికరం చేతిలోకి తీసుకోకముందే ఆ అమ్మాయికి ఒక మాట ఇవ్వండి. "నీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు రా. కారణం చెప్పక్కర్లేదు, ఎవరినీ వెంట తేనక్కర్లేదు, తీసేస్తాను." తీయడానికి ఎంత అవుతుందో కూడా ఆ రోజే చెప్పండి. వేయడానికి ఉచితం, తీయడానికి ఫీజు అని తర్వాత తెలిస్తే ఆ మాటకి విలువ లేదు. మన క్లినిక్కుల్లో తీయించుకోవడానికి వచ్చినవాళ్ళని "ఇంకో మూడు నెలలు చూడమ్మా, సర్దుకుంటుంది" అని తిప్పి పంపడం చాలాసార్లు చూశాను. ఇబ్బందికి మందు ఉందని చెప్పండి, ఒకసారి చెప్పండి. అయినా తీసేయమంటే తీసేయాలి. మాట నిలబెట్టుకుంటారని తెలిసిన పిల్లలే ధైర్యంగా వేయించుకుంటారు, ఎక్కువకాలం ఉంచుకునేదీ వాళ్ళే.

ఇక పీజీ అమ్మాయి. 19 ఏళ్ళంటే వైద్యం లెక్కలో కౌమారమే, చట్టం లెక్కలో మేజర్. ఆమె సంతకం ఒక్కటి చాలు. అమ్మానాన్నల్ని పిలవమనే హక్కు మీకు లేదు, పెళ్ళయిందా అని అడిగి మొహం మార్చుకునే హక్కు అసలే లేదు. ఆధార్‌లో పుట్టిన తేదీ చూసి 18 నిండాయని రాసుకోండి. ఆ సంబంధంలో బలవంతం ఏమైనా ఉందేమో మాత్రం మెల్లగా అడగండి. మూడుసార్లు ఎమర్జెన్సీ మాత్ర వేసుకుందంటే, కండోమ్ వద్దని అబ్బాయి మొండికేస్తున్నాడేమో.

మీ ఉత్తరంలో ఫిట్స్ మందు పేరు లేదు. ఆమె విషయంలో అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ లాంటివైతే కాలేయంలో హార్మోన్‌ని త్వరగా కరిగించేస్తాయి. ఇంప్లాంట్ బలం తగ్గుతుంది, మామూలు మాత్రల బలమూ తగ్గుతుంది. ఆమె మూడుసార్లు మింగిన ఎమర్జెన్సీ మాత్ర కూడా పూర్తిగా పనిచేసి ఉండకపోవచ్చు. కాబట్టి రాగానే గర్భం ఉందేమో మూత్ర పరీక్ష, మూడు నాలుగు వారాలకి మళ్ళీ ఒకసారి. ఈ మాత్రలతో నెలసరి ఎలాగూ అస్తవ్యస్తమవుతుంది, మొన్న బ్లీడింగ్ అయింది కదా అని ఊరుకోవద్దు. లెవెటిరాసెటమ్ అయితే ఈ గొడవ లేదు. లామోట్రిజిన్ అయితే ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో చిక్కు, రక్తంలో ఆ మందు తగ్గిపోయి ఫిట్స్ మళ్ళీ రావచ్చు. వాల్‌ప్రోయేట్ అయితే గర్భనిరోధకంతో పేచీ లేదు గానీ, ఆ మందు మీద ఉండగా గర్భం వస్తే బిడ్డకి వెన్నెముక లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. ఆమె న్యూరాలజిస్టుకి ఒక్క ఫోన్ చేయండి, ఆమెని అడిగి మాత్రమే.

లూప్‌ల దగ్గర ఈ మందుల బెడద లేదు. కాపర్-టీలో హార్మోనే ఉండదు. హార్మోన్ లూప్ పని గర్భసంచిలోనే జరుగుతుంది. నెలసరి మామూలుగా ఉండి రక్తం బాగుంటే కాపర్-టీ, బ్లీడింగూ నొప్పీ ఎక్కువైతే హార్మోన్ లూప్ మంచిదని నా అభిప్రాయం. జాగ్రత్త తీసుకోకుండా కలిసిన అయిదు రోజుల్లోపు వస్తే కాపర్-టీయే ఎమర్జెన్సీ పద్ధతిగా కూడా పనిచేస్తుంది, మాత్రకన్నా గట్టిగా. సూది కూడా ఈ మందులతో బాగానే పనిచేస్తుంది. కానీ ఫెనిటాయిన్ లాంటివి ఎముకల్ని బలహీనపరుస్తాయి, సూది కూడా వాడినన్నాళ్ళు ఎముక సాంద్రతని కొంత తగ్గిస్తుంది. రెండూ కలపడం నాకు ఇష్టం ఉండదు.

"ఎవరికీ కనబడకుండా" అందన్నారే, దాని గురించి కూడా ఆలోచించండి. గుట్టు బయటపడేది లూప్ వల్ల కాదు. రిజిస్ట్రేషన్‌లో ఆ పిల్ల అలవాటుగా నాన్న ఫోన్ నంబర్ ఇస్తుంది. ల్యాబ్ రిపోర్టు ఆ వాట్సాప్‌కి పోతుంది. బిల్లు యూపీఐలో కడితే, ఆ ఖాతా నాన్నదైతే క్లినిక్ పేరుతో ఆయనకి మెసేజ్ వెళ్తుంది. కౌంటర్ దగ్గర "కాపర్-టీ ఎవరమ్మా" అని గట్టిగా పిలిస్తే చాలు, క్యూలో ఆ ఊరివాళ్ళెవరో ఉండనే ఉంటారు. మీ స్టాఫ్‌ని కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పండి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించుకుందో లేదో కూడా అడగండి, ఈ వయసులో వేయించుకోవచ్చు.

రెండో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నా మాట మీకు రుచించకపోవచ్చు. పెళ్ళయినా, పాప ఉన్నా, 18 నిండని పిల్ల చట్టం ముందు పిల్లే. పిల్లల మీద లైంగిక నేరాల్ని శిక్షించే 2012 నాటి పోక్సో చట్టంలో పెళ్ళికి మినహాయింపు లేదు. 18 నిండని భార్యతో సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా ఆ వయసే పెట్టింది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలలదాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ల విషయంలో, అమ్మాయీ సంరక్షకులూ కోరితే ఫిర్యాదులో పేరు చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. అది గర్భస్రావం కేసులకి చెప్పింది. మీ కేసుకి కూడా పనికొస్తుందని మీ అంతట మీరు అనుకోవద్దు, లాయర్‌ని అడగండి.

ఫిర్యాదు వెళ్తే భర్త జైలుకి, ఈ పిల్ల చంటిబిడ్డతో వీధికి అన్న దిగులు మీకు కలగొచ్చు. ఆ దిగులు నాకూ ఉంది. అయినా దాచమని నేను చెప్పలేను. ముందు వయసు ఖాయం చేసుకోండి. మనవాళ్ళు నోటితో చెప్పే వయసుకీ ఆధార్‌కీ, టెన్త్ మార్కుల లిస్టుకీ ఏడాది తేడా ఉండటం మామూలే. నిజంగా 17 అయితే, ఫిర్యాదు సంగతి ముందు ఆ అమ్మాయికే చెప్పండి. పోలీసులు వచ్చాక తెలిస్తే ఇక జన్మలో ఏ డాక్టర్నీ నమ్మదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లల సంక్షేమ సమితిని కలిసే దారి చెబుతారు. ఆమె ఎక్కడ ఉండాలి, పాపని ఎవరు చూసుకోవాలి అన్నవి ఆ సమితి చూడాల్సిన పనులు. కాన్పు చేసిన ఆసుపత్రి అప్పుడే పోలీసులకి చెప్పిందేమో అడగండి, అది మీ బాధ్యత తీర్చేసిందో లేదో లాయర్ చెప్పాలి. చట్టం వైద్యం ఆపమనలేదు. 2020 పోక్సో నిబంధనల్లో గర్భం వచ్చే అవకాశం గురించి, ఎమర్జెన్సీ గర్భనిరోధకం గురించి మాట్లాడమనే ఉంది. కేసు తేలేదాకా ఆగితే ఈలోగా రెండో కడుపు వచ్చి కూర్చుంటుంది. 17 ఏళ్ళ ఒంటికి ఏడాది తిరక్కుండా రెండో గర్భం ఎంత ముప్పో మీకు తెలుసు.

ఆ రోజు అత్తగారిని బయట కూర్చోమనండి. "ఈ వయసు పిల్లలందరితో ఒక పది నిమిషాలు విడిగా మాట్లాడటం మా క్లినిక్ పద్ధతి అమ్మా" అంటే ఆవిడకి చిన్నతనం అనిపించదు. నర్సుని లోపల ఉంచుకోండి. మొదట పాప గురించి అడగండి. పాలు సరిపోతున్నాయా, రాత్రి ఎవరు ఎత్తుకుంటారు, నువ్వు తిన్నావా? ఆ తర్వాతే ఇంకో బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నావు, ఇంట్లో కొడుతున్నారా అని అడగండి. లూప్, ఇంప్లాంట్ నమూనాలు చేతికి ఇవ్వండి. ఇంప్లాంట్ అగ్గిపుల్ల అంత ఉంటుంది, వంచితే వంగుతుంది. వేళ్ళతో తిప్పి చూసుకున్నాక పిల్లలకి నోరు పెగులుతుంది. తనకి వద్దంటే ఆ రోజు ఏదీ వేయకండి, అత్తగారికి ఏం చెప్పాలో మీరు చూసుకోండి. కావాలంటే, తన ఒప్పుకోలుతో పాటు కన్న తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. అత్తగారి సంతకంతో పని జరగదు.

పాలిచ్చే తల్లి, కాన్పై నాలుగు నెలలు. హార్మోన్ ఉన్నవైనా ఈ పద్ధతులు ఆరు వారాలు దాటాక పాలకీ బిడ్డకీ చెరుపు చేయవు. హిమోగ్లోబిన్ చూడండి. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. రక్తం తక్కువుంటే కాపర్-టీ వద్దు, బ్లీడింగ్ ఇంకా పెరుగుతుంది. కాన్పైన కొత్తలో, పాలిచ్చే రోజుల్లో లూప్ వేస్తే గర్భసంచికి చిల్లు పడే అవకాశం మామూలుకన్నా కొంచెం ఎక్కువ, అప్పటికీ అరుదే. చేయి తిరిగినవాళ్ళు వేయడం మంచిది. మూడేళ్ళు అన్నదానికి ఇంప్లాంట్ సరిగ్గా సరిపోతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో అది కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది, కర్ణాటక అందులో ఉంది. సూదే కావాలంటే అంతర పేరుతో 2017 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. మూడు నెలలకొకటి, తేదీకి రెండు వారాలు ముందైనా నాలుగు వారాలు ఆలస్యమైనా ఫరవాలేదు. సూది వేసిన చోట రుద్దకూడదు. ఎముకల సంగతి చెప్పి, రాగి సంగటి, పాలు మానొద్దనండి. సూది ఆపాక ఎముక తిరిగి పుంజుకుంటుంది. కొందరు పిల్లలు సూదే ఎందుకు అడుగుతారంటే ఒంటి మీద గుర్తు ఉండదు. ఆ కారణం చెబితే దానికి విలువ ఇవ్వండి.

నెలసరి మారుతుందని ఇద్దరికీ విడమరిచి చెప్పాలి. ఎక్కువమంది తీయించుకునేది దీనివల్లే. ఇంప్లాంట్‌తో ఎప్పుడు పడితే అప్పుడు మరకలు కనబడొచ్చు, అయిదుగురిలో ఒకరికి నెలసరి ఆగిపోతుంది. సూదితో ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి ఆగుతుంది. మన ఇళ్ళల్లో వెంటనే వచ్చే మాట "చెడు రక్తం లోపల నిలిచిపోతుంది" అని. లోపల పొర మందంగా పెరగడం లేదు కాబట్టి రాలడానికి ఏమీ లేదు, నిలిచిపోయేదీ ఏమీ లేదని అమ్మాయికి చెప్పండి, అత్తగారు అడిగితే ఆవిడకీ చెప్పండి. బయట కూర్చోబెట్టే ఆచారం ఉన్న ఇంట్లో పదిహేను రోజులు మరకలు కనబడితే ఆ పిల్ల పదిహేను రోజులు పసిబిడ్డతో విడిగా ఉండాలి. ఇది ఏ గైడ్‌లైన్‌లోనూ రాయలేదు. ముందే అడిగి తెలుసుకోండి, పద్ధతి ఎంచుకోవడంలో దీనికి చాలా బరువుంది. మరకలకి మెఫెనమిక్ యాసిడ్ అయిదారు రోజులు ఇస్తే చాలామందికి తగ్గుతుంది.

లూప్ వేసేటప్పుడు నొప్పి ఉండదని అబద్ధం చెప్పకండి. ముందుగా నొప్పి మాత్ర, గర్భసంచి మూతి దగ్గర మొద్దుబార్చే లిగ్నోకైన్ ఇవ్వండి. ఆపమంటే ఆపుతానని చెప్పి, ఆపండి. గర్భసంచి మూతి మెత్తబడాలని మిసోప్రోస్టాల్ అందరికీ ఇచ్చే అలవాటు వద్దు, నొప్పి తగ్గదు సరికదా కడుపునొప్పి పెరుగుతుంది. ఈ వయసులో లూప్ జారిపోవడం కొంచెం ఎక్కువ, దారం ఎలా తడిమి చూసుకోవాలో నేర్పండి.

ఇంప్లాంట్ మాత్రం శిక్షణ లేకుండా ముట్టుకోవద్దమ్మా. లోతుగా పోతే తీసేటప్పుడు నరకం. తీయడం నేర్చుకున్నాకే వేయడం మొదలుపెట్టండి. అప్పటిదాకా శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గరికి పంపండి. పంపేటప్పుడు చీటీ మీద పెద్దక్షరాలతో "అన్‌మ్యారీడ్" అని రాసే అలవాటు మన ఓపీల్లో ఇంకా ఉంది, మీరు రాయకండి. వయసు, వాడుతున్న మందులు, చివరి నెలసరి తేదీ, అమ్మాయి తనకి తానుగా కోరుకున్న పద్ధతి రాస్తే సరిపోతుంది.